సబర్ ఎవరు చేయాలి?

బడి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లాడికి మా ఇళ్ళల్లో చెప్పే మాట ఒకటే. "సబర్ కర్ బేటా, ఝగ్డా నక్కో." ఉర్దూ రాని దూదేకుల ఇంట్లో అయితే "పోనీలే నాయనా, ఓర్చుకో" అంటారు. భాష మారినా బోధ మారదు. నిన్ను తిట్టినవాణ్ణి ఏమీ అనకు, సారుకు చెప్పకు, రేపు మళ్ళీ అదే బెంచీ మీద వాడి పక్కనే కూర్చో.

ఈ మాట చెప్పే తల్లులను నేను తప్పు పట్టడం లేదు. కొడుకు తిరగబడితే గొడవ ఇద్దరు పిల్లల మధ్య ఆగదని, సాయంత్రానికి బజారుకెక్కుతుందని, అక్కడ దానికి వేరే పేరు పెడతారని ఆ తల్లికి తెలుసు. ఆమె చెప్పేది జాగ్రత్త. కాని ఆ జాగ్రత్తనే మనం నీతి కింద మార్చి పిల్లాడి మెడకు కడుతున్నాం. సబర్ గొప్ప గుణమే. అల్లా సబర్ చేసేవాళ్ళ వెంట ఉంటాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అయితే ఒక తరగతిలో యాభై మంది పిల్లలుంటే అందులో ఒక్కడికే ఆ గుణం ఎందుకు కావాలి? తతిమ్మా నలభై తొమ్మిది మందికి ఏ గుణమూ అక్కర్లేదా? ఒక్కడే మోయాల్సిన నీతి నీతేనా? ఈ వ్యాసంలో నేను అడగదల్చుకున్నది ఇదే.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషులో దీన్ని బుల్లీయింగ్ అంటారు. తెలుగులో ఆటపట్టించడం, గేలి చేయడం, ఏడిపించడం అని మూడు నాలుగు మాటలున్నాయి. తెలంగాణలో మజాక్ అనేస్తాం. ఆటపట్టించడం అంటే అది ఆటైపోతుంది. మజాక్ అంటే నవ్వనివాడే తప్పు చేసినట్టవుతుంది. "మజాక్ చేస్తే గంత కోపమా?" అని రెండో దెబ్బ కూడా వేయొచ్చు. వీటన్నిటిలో నిజం చెప్పే మాట ఏడిపించడం. అందులో చేసేవాడి ఉద్దేశమూ ఉంది, పడేవాడి కన్నీళ్ళూ ఉన్నాయి. నేను ఆ మాటే వాడతాను.

పిల్లలు పిల్లలను ఏడిపించడాన్ని శాస్త్రంగా పట్టించుకున్న తొలివాళ్ళలో ముఖ్యుడు డాన్ ఓల్వేయస్. స్వీడన్‌లో పుట్టి నార్వేలోని బెర్గెన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఈ విషయం మీద ఆయన మొదటి పుస్తకం 1973లో వచ్చింది. అప్పట్లో అక్కడి పెద్దలు కూడా మనలాగే "పిల్లలన్నాక కొట్టుకుంటారు, కలుసుకుంటారు" అనుకునేవాళ్ళు. 1982 చివర్లో ఉత్తర నార్వేలో ముగ్గురు మగపిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తోటి పిల్లలు పెట్టిన బాధే అందుకు కారణమని వార్తలు రావడంతో దేశం ఉలిక్కిపడింది. 1983లో ప్రభుత్వం అన్ని బడుల్లో కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్‌లో 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వేయస్ రెండేళ్ళ పాటు గమనించాడు. ఏడిపించడం దాదాపు సగానికి తగ్గింది. ఇందులో మంత్రమేమీ లేదు. ఇంటర్వెల్లో పెద్దవాళ్ళు బయట నిలబడి చూశారు. తరగతిలో పిల్లలతో కలిసి నియమాలు పెట్టుకున్నారు. వాటి గురించి మళ్ళీ మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నారు. తప్పు జరిగినప్పుడు చేసినవాడితో, పడినవాడితో, వాళ్ళ అమ్మానాన్నలతో విడివిడిగా మాట్లాడారు. అంతే.

ఏది కొట్లాట, ఏది ఏడిపించడం అని విడదీయడానికి ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం. మళ్ళీ మళ్ళీ చేయడం. ఇద్దరి బలంలో తేడా ఉండటం. సమానమైన ఇద్దరు కొట్టుకుంటే అది తగాదా. ఎదురు నిలవలేనివాణ్ణి రోజూ కొడితే అది ఏడిపించడం.

ఈ మూడో గుర్తు దగ్గర మనం కాసేపు ఆగాలి. బలం అంటే ఏమిటి? బలం అనగానే మనకు కండబలం, జట్టుబలం గుర్తొస్తాయి. మన బడుల్లో ఇంకొకటుంది. ఐదో తరగతిలో అందరికంటే పొట్టివాడు, గాలికి పడిపోయేంత బక్కవాడు, లెక్కల్లో సున్నాలు తెచ్చుకునేవాడు కూడా ఒక ముస్లిం పిల్లాణ్ణి "పాకిస్తానోడా" అని పిలవగలడు. ఆ ముస్లిం పిల్లాడు తరగతి మొత్తంలో బలశాలి అయినా సరే, ఆ మాటకు తల దించుకుంటాడు. ఆ బక్క పిల్లాడికి అంత బలం ఎక్కడిది? వాడిది కాదు. అరువు తెచ్చుకున్నాడు. ఇంట్లో టీవీ నుంచి, వీధిలో మైకు నుంచి, అన్నాల దగ్గర పెద్దల మాటల నుంచి, ఇప్పుడైతే నాన్న ఫోన్ నుంచి తెచ్చుకున్నాడు. వాడి వెనక ఒక పెద్ద గుంపు నిలబడి ఉంది. తరగతి గదిలో అది కంటికి కనబడదు. కాని తిట్టినవాడికీ తెలుసు, తిట్టించుకున్నవాడికీ తెలుసు.

అందుకే ఆ తిట్లు కాలాన్ని బట్టి మారుతుంటాయి. నేను తెలుగు మీడియంలో చదువుకునే రోజుల్లో క్రికెట్ మ్యాచ్ మర్నాడు "మీవాళ్ళు ఓడిపోయారంట గదా" అని అడిగేవాళ్ళు. నా వాళ్ళెవరో నాకు తెలిసేది కాదు. 2001 తర్వాత పిల్లలకు బిన్ లాడెన్ అని పేరు పెట్టారు. 2008 తర్వాత కసబ్ అన్నారు. 2020లో కరోనా అన్నారు. వీటిలో పిల్లలు సొంతంగా కనిపెట్టిన పేరు ఒక్కటి కూడా లేదు. అన్నీ పెద్దలు తయారుచేసి ఇచ్చినవే. తురకోడు, సాయిబు అన్న పాత పేర్లు ఎలాగూ ఉండనే ఉన్నాయి.

ఈ అరువు బలం సంగతి మనకంటే ముందు దళితులు చెప్పారు. సతారా బడిలో చిన్నారి అంబేద్కర్ ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని దాని మీద కూర్చునేవాడు. దాహం వేస్తే బంట్రోతు వచ్చి పై నుంచి నీళ్ళు పోయాలి. బంట్రోతు రాని రోజు నీళ్ళు లేవు. అక్కడ ఏ పిల్లాడూ చేయి చేసుకోనక్కర్లేదు. ఏర్పాటే కొట్టేది. అది వందేళ్ళ కిందటి మాట అని తోసేయడానికి లేదు. 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ నాలుగు రాష్ట్రాల బడులను చూసి ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దళిత, గిరిజన, ముస్లిం పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం, కించపరిచే పేర్లతో పిలవడం, కొందరి చేత మరుగుదొడ్లు కడిగించడం అందులో నమోదయ్యాయి. డబ్బుంటే, ఇంగ్లీషు వస్తే ఈ బాధ ఉండదనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. నాజియా ఎరమ్ 12 నగరాల్లో 145 ముస్లిం కుటుంబాలతో మాట్లాడి 'మదరింగ్ ఎ ముస్లిం' అనే పుస్తకం రాశారు. కార్లలో బడికి వెళ్ళే పిల్లలను కూడా టెర్రరిస్టు అని పిలుస్తున్నారని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఫీజు ఎంత కట్టినా పేరు మారదు కదా.

ఇక నలభై తొమ్మిది మంది దగ్గరికి వద్దాం.

ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సల్మీవల్లి అనే పరిశోధకురాలు 1996లో ఒక పని చేసింది. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు అని ఇద్దరినే చూడటం మానేసి తరగతి మొత్తాన్ని చూసింది. 573 మంది ఆరో తరగతి పిల్లల్లో ఎవరెవరు ఏమేం చేస్తారో వాళ్ళ చేతనే చెప్పించింది. ఏడిపించేవాళ్ళు నూటికి 8 మంది. వాళ్ళకు చేయందించేవాళ్ళు 7. చుట్టూ చేరి నవ్వి ఎగదోసేవాళ్ళు దాదాపు 20. నాకెందుకని పక్కకు తప్పుకునేవాళ్ళు 24. అడ్డుపడి, ఏడ్చేవాడి పక్కన నిలబడేవాళ్ళు 17. అంటే నవ్వేవాళ్ళూ తప్పుకునేవాళ్ళూ కలిస్తే ఏడిపించేవాళ్ళకు ఐదింతలు. కెనడాలో వెండీ క్రెయిగ్, డెబ్రా పెప్లర్ బడి ఆటస్థలంలో కెమెరాలు, పిల్లల ఒంటి మీద చిన్న మైకులు పెట్టి గమనించారు. నూటికి 85 సార్లకు పైగా చుట్టూ పిల్లలు ఉండగానే ఏడిపించడం జరిగింది. ఆటస్థలంలో టీచర్లు అడ్డుపడింది నూటికి 4 సార్లే. 2001లో వాళ్ళ బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. తోటి పిల్లలెవరైనా అడ్డుపడితే సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపు అది ఆగిపోయింది.

పది సెకన్లు! మా తల్లులు పిల్లలకు పదేళ్ళ సబర్ నేర్పుతున్నారు. పక్క బెంచీ పిల్లాడు పది సెకన్లు నోరు విప్పితే సరిపోయేది.

ఏడిపించడం ఒక నాటకం లాంటిది. చూసేవాళ్ళు లేకపోతే ఆట ఆగిపోతుంది. "పాకిస్తానోడా" అన్న మాటకు ఎవరూ నవ్వకపోతే ఆ మాట నేల మీద పడి చస్తుంది. నవ్వితే మర్నాడు మళ్ళీ లేస్తుంది. ఫిన్లాండ్‌లో ఆ తర్వాత టుర్కు విశ్వవిద్యాలయం వాళ్ళు కీవా అనే కార్యక్రమాన్ని తయారుచేసింది ఈ లెక్క మీదే. పడేవాణ్ణి మార్చాలని గాని, ఏడిపించేవాణ్ణి ఒక్కణ్ణే మార్చాలని గాని వాళ్ళు మొదలుపెట్టలేదు. చూసేవాళ్ళ మీద పనిచేశారు.

మన దగ్గర జరిగిన రెండు సంఘటనలు ఈ వెలుగులో చూడండి. 2022 నవంబర్ 26న కర్ణాటకలోని మణిపాల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. పాఠం చెప్పే అధ్యాపకుడు ఒక ముస్లిం విద్యార్థి పేరు విని కసబ్ అన్నాడు. ఆ కుర్రాడు ఊరుకోలేదు. రోజూ ఇది పడటం నవ్వులాట కాదని ముఖం మీద చెప్పాడు. నువ్వు నా కొడుకులాంటివాడివని అధ్యాపకుడు సర్దబోతే, మీ కొడుకునైతే అలా పిలుస్తారా అని అడిగాడు. దేశమంతా ఆ వీడియో చూసి అతని ధైర్యాన్ని మెచ్చుకుంది. కాలేజీ ఆ అధ్యాపకుణ్ణి పాఠాల నుంచి తప్పించింది. నేనూ మెచ్చుకున్నాను. కాని నన్ను వెంటాడింది వేరే. గది నిండా విద్యార్థులున్నారు. నిలబడి వాదించింది ఆ ఒక్క కుర్రాడే. "సార్, మీరన్నది తప్పు" అని చెప్పడానికి ముస్లిం అయి ఉండాల్సిన పనేముంది?

రెండోది 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో జరిగింది. ఏడేళ్ళ ముస్లిం పిల్లాడు ఎక్కం అప్పజెప్పలేదని టీచరు వాణ్ణి నిలబెట్టి, తోటి పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి చెంప మీద కొట్టించింది. వాడి మతాన్ని కూడా ఎత్తింది. ఆ వీడియోలో పిల్లలు వరసగా లేచి వచ్చి కొట్టి వెళ్ళి కూర్చుంటారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ 2009లోనే నిషేధించింది. ఆ చట్టం ఉండగానే ఇది జరిగింది. ఆ ఏడాది సెప్టెంబర్ 25న సుప్రీంకోర్టు దీన్ని విచారిస్తూ ఒక మంచి మాట చెప్పింది. దెబ్బలు తిన్న పిల్లాడితో పాటు మిగతా పిల్లలకూ కౌన్సెలింగ్ ఇప్పించమంది. కొట్టిన చేతులకు కూడా వైద్యం కావాలని కోర్టు గుర్తించింది. ఆ చేతులు కూడా ఏడెనిమిదేళ్ళవే కదా.

"పిల్లలకేం తెలుసు? రేపటికి మర్చిపోతారు" అనే మాటకు ఇక్కడ జవాబు చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 1958లో ఒకే వారంలో పుట్టిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వాళ్ళలో 7,771 మంది సంగతులు చూసి 2014లో పరిశోధకులు తేల్చిందేమిటంటే, ఏడో ఏట, పదకొండో ఏట ఎక్కువగా ఏడిపించబడ్డవాళ్ళకు యాభై ఏళ్ళు వచ్చినా దిగులు, ఆందోళన మిగతావాళ్ళకంటే ఎక్కువగానే ఉన్నాయి. మర్చిపోవడం అంత తేలిక కాదు. ఏడిపించినవాడూ బాగుపడడు. ఓల్వేయస్ లెక్కలో ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా తోటివాళ్ళను ఏడిపించిన మగపిల్లల్లో నూటికి 60 మందికి ఇరవై నాలుగేళ్ళ వయసు వచ్చేసరికి ఏదో ఒక నేరంలో శిక్ష పడింది.

మన ప్రవక్త చెప్పిన మాట ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. నీ సోదరుడు పీడితుడైనా, పీడించేవాడైనా సాయం చెయ్యమన్నారు. పీడించేవాడికి సాయమేమిటని అనుచరులు అడిగితే, వాడి చేయి పట్టుకుని ఆపడమే వాడికి చేసే సాయమన్నారు. అంటే ఆపడం ఇద్దరికీ మేలు. సబర్ గురించి చెప్పే మౌల్వీ సాబులు జుమ్మా ఖుత్బాలో ఈ మాట కూడా అంతే గట్టిగా చెప్పాలి.

మరి పడేవాడే తిరగబడితే? "ఒకటి వేస్తే రెండు వేసి రా" అని చెప్పే తండ్రులూ ఉన్నారు. కొట్టడం సరా కాదా అనే చర్చలోకి నేను పోను. సబర్ చెయ్యమన్నా, తిరిగి కొట్టమన్నా బరువు మాత్రం ఆ ఒక్క పిల్లాడి మీదే పడుతోంది. రెండు సలహాలూ మిగతా గదిని వదిలేస్తున్నాయి. పైగా అరువు బలాన్ని పిడికిలితో ఓడించలేం. బక్క పిల్లాణ్ణి కొట్టొచ్చు. వాడి వెనకున్న గుంపును కొట్టలేం.

మరి ఎవరు ఆపాలి? అబ్దుల్ కలామ్ తన ఆత్మకథలో రాసిన సంగతి మనలో చాలామంది చదివిందే. రామేశ్వరం ఎలిమెంటరీ బడిలో ఐదో తరగతి. టోపీ పెట్టుకున్న కలామ్, జంధ్యం వేసుకున్న రామనాథ శాస్త్రి ముందు వరసలో పక్కపక్కన కూర్చునేవాళ్ళు. కొత్తగా వచ్చిన మాస్టారు అది సహించలేక కలామ్‌ను వెనక బెంచీకి పంపాడు. కలామ్ బాధపడ్డాడు. రామనాథ శాస్త్రి ఏడ్చాడు. ఇద్దరూ ఇళ్ళకు వెళ్ళి చెప్పారు. రామనాథ శాస్త్రి తండ్రి లక్ష్మణ శాస్త్రి రామేశ్వరం గుడి ప్రధాన పూజారి. ఆయన ఆ మాస్టారును పిలిపించి, పసిపిల్లల మనసుల్లో విషం పోయొద్దని, క్షమాపణ చెప్పడమో బడి వదిలి పోవడమో తేల్చుకోమని చెప్పాడు. మాస్టారు మారాడు.

ఈ కథను మనకు మతసామరస్యం పాఠంగా చెబుతారు. చప్పట్లు కొట్టి ముగిస్తారు. నేను అందులో వేరే సంగతి చూస్తాను. ఆ మాస్టారు కలామ్‌ను ఎవరి పేరు మీద వెనక్కి పంపాడు? పూజారి కొడుకు పక్కన సాయిబు పిల్లాడు కూర్చోరాదని పంపాడు. అంటే లక్ష్మణ శాస్త్రి గౌరవం కాపాడుతున్నాననుకుని పంపాడు. కాబట్టి ఆపాల్సింది ఆయనే, ఆపగలిగిందీ ఆయనే. కలామ్ తండ్రి జైనులాబ్దీన్ వెళ్ళి అడిగి ఉంటే అది ఒక తురక తండ్రి ఫిర్యాదు అయ్యేది. లక్ష్మణ శాస్త్రి అడిగేసరికి ఆ మాస్టారు కాళ్ళ కింద నేల కదిలింది. తన వెనక ఉందనుకున్న బలం తన వెనక లేదని తెలిసింది. అరువిచ్చినవాడు అప్పు వెనక్కి తీసుకున్నాడు.

నాకు తోచిన నీతి ఇది. దెబ్బ ఎవరి పేరు మీద పడుతోందో, ఆపే బాధ్యత వాళ్ళది. దేశభక్తి పేరు మీద నా పిల్లాణ్ణి పాకిస్తానోడంటే, నిజంగా దేశాన్ని ప్రేమించేవాడు ముందు లేవాలి. హిందూ ధర్మం పేరు మీద అంటే హిందువు లేవాలి. నా పేరు మీద ఆ పని చేయొద్దు అనడానికి వాళ్ళకు మాత్రమే అధికారం ఉంది. నాకు లేదు.

ఈ నీతిని మొరటుగా వాడితే ఏమవుతుందో కూడా చూడాలి. ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో బర్నేజ్ హైస్కూల్ అని మగపిల్లల బడి ఉండేది. అక్కడ బంగ్లాదేశీ కుటుంబానికి చెందిన అహ్మద్ ఇక్బాల్ ఉల్లా అనే పదమూడేళ్ళ పిల్లాడు చదివేవాడు. చిన్న ఆసియా పిల్లలను ఏడిపిస్తుంటే అడ్డుపడ్డాడు. 1986 సెప్టెంబర్ 17న బడి ఆటస్థలంలోనే ఒక తెల్లజాతి విద్యార్థి వాణ్ణి కత్తితో పొడిచి చంపాడు. అడ్డుపడేవాణ్ణి ఒంటరిగా వదిలేస్తే ఏమవుతుందో ఆ పిల్లాడి చావు చెబుతుంది. ఇయాన్ మెక్‌డొనాల్డ్ అనే న్యాయవాది నాయకత్వంలో విచారణ జరిగింది. నివేదిక 1989లో పుస్తకంగా వచ్చింది. విచారణ జరిపినవాళ్ళు జాతి వివక్షకు వ్యతిరేకులే. ఆ బడిలో జాతి వివక్ష ఉందని నిర్మొహమాటంగా రాశారు. అయినా వాళ్ళు ఇంకో మాట కూడా రాయడానికి వెనకాడలేదు. వివక్షకు వ్యతిరేకంగా ఆ బడి పెట్టుకున్న విధానం తెల్లపిల్లలందరినీ దోషులుగా చూసిందని, వాళ్ళనూ వాళ్ళ తల్లిదండ్రులనూ ఆ పనిలో కలుపుకోలేదని, అది పైపై బోధగా మిగిలిపోయిందని విమర్శించారు. నువ్వు పుట్టుకతోనే దోషివి అని చెబితే ఏ పిల్లాడూ లేచి అడ్డుపడడు, ఇంకా బిగుసుకుంటాడు. కనుక నేను హిందూ పిల్లలందరినీ బోను ఎక్కించడం లేదు. ఆపే శక్తి వాళ్ళ దగ్గరుందని చెబుతున్నాను. నేరం మోపడం వేరు, పని అప్పజెప్పడం వేరు.

అదే కొలబద్ద మన ఇంటికీ పెట్టాలి. పెట్టకపోతే ఈ మాటలన్నీ చెప్పే అర్హత మనకుండదు.

దూదేకుల పిల్లాణ్ణి బడిలో తురకోడు అంటారు. ఈద్‌గా దగ్గర ఉర్దూ మాట్లాడే పిల్లలు "నీకు ఉర్దూ రాదు, నువ్వేం ముసల్మానువి?" అంటారు. లద్దాఫ్ అని, పింజారి అని నవ్వుతారు. దూది ఏకి పదిమందికి పరుపులు కుట్టిన ఒక వృత్తి పేరును తెలుగువాళ్ళు తిట్టు కింద వాడుతున్నారు. మనలో ఖాన్‌లమని, సయ్యద్‌లమని చెప్పుకునేవాళ్ళు దానికి అభ్యంతరం చెప్పారా? చెప్పకపోగా వాళ్ళతో వియ్యం అందుకోరు. ఆ పిల్లాడి మీద దెబ్బ ఎవరి పేరు మీద పడుతోంది? "అసలు ముసల్మాన్లు" అనే పేరు మీద. అంటే మన పేరు మీద. ఆపాల్సింది మనమే.

మదర్సాల సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లాణ్ణి చేర్పించేటప్పుడు మన పెద్దలు ఉస్తాద్‌తో ఒక మాట అనేవాళ్ళు. "గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ." మాంసం మీది, ఎముకలు మావి. ఎముకలు విరగనంత వరకు కొట్టుకోమని అనుమతి పత్రం అది. విద్యాహక్కు చట్టాన్ని 2012లో సవరించినప్పుడు మదర్సాలను, వేద పాఠశాలలను దాని పరిధి నుంచి తీసేశారు. మత స్వేచ్ఛ దృష్టితో అది సరే అనుకుందాం. కాని కొట్టొద్దనే 17వ సెక్షన్ కూడా ఆ గడప దగ్గరే ఆగిపోయింది. చట్టం ఆగిన చోట మన మనస్సాక్షి మొదలుకావాలి. పిల్లలను కొట్టని ఉస్తాద్‌లు ఎందరో ఉన్నారు, వాళ్ళకు సలామ్. కొట్టేవాళ్ళను మాత్రం "మదర్సాకు చెడ్డపేరు వస్తుంది" అని దాచొద్దు. అల్లా వాక్కు పేరు మీద బెత్తం లేస్తే ముందు పట్టుకోవాల్సింది ముసల్మాను చేయే.

ఇదంతా చెబితే కొందరు సెక్యులర్ మిత్రులు నొచ్చుకుంటారు. "మా ఇంట్లో అలాంటి మాటలు లేవు. మా అబ్బాయి ఎవరినీ ఏమీ అనడు" అంటారు. నమ్ముతాను. నూటికి 8 మందిలో మీ అబ్బాయి లేడు. కాని ఆ మాట అన్నప్పుడు నవ్వాడా? తల తిప్పుకున్నాడా? మీరెప్పుడైనా అడిగారా? మీ దగ్గరికి ఎన్నడూ రాని ప్రశ్న మా ఇంటికి ప్రతి తరంలోనూ వస్తోంది. మేము పిల్లాడికి పేరు పెట్టేటప్పుడే బడి గురించి ఆలోచిస్తాం. తేలిగ్గా పోల్చుకోలేని పేరు పెడితే బాగుంటుందా అని మాట్లాడుకునే జంటలు నాకు తెలుసు. మంచివాళ్ళు నోరు మూసుకుంటే ఆ గదిలో మంచితనం ఉన్నట్టా లేనట్టా? వెనక బెంచీలో కూర్చున్న పిల్లాడికి మీ మంచితనం వినబడదు. వినబడేది నవ్వు ఒక్కటే.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. ప్రభుత్వ బడుల్లో విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలున్నాయి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడే ఆ కమిటీలో పిల్లలను ఏమని పిలుస్తున్నారన్నది కూడా ఒక అంశం కావాలి. ఆ అంశాన్ని లేవనెత్తేది ముస్లిం తండ్రి కాకూడదు, పక్కింటి తండ్రి కావాలి. ఇంటర్వెల్లో ఒక టీచరు ఆటస్థలంలో నిలబడాలి. హాజరు పిలిచేటప్పుడు పిల్లల పేర్లను సరిగ్గా పలకడం నేర్చుకోవాలి. మనకు కష్టమైన సంస్కృతం పేర్లన్నీ నోరు తిరుగుతున్నాయి, జుబేర్, రుక్సానా తిరగవా? యునెస్కో 2019లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో ముగ్గురు పిల్లల్లో దాదాపు ఒకరు అంతకుముందు నెల రోజుల్లో ఒక్కసారైనా తోటివాళ్ళ చేతిలో బాధ పడ్డారు. కాబట్టి ఇది మా పిల్లల బాధ మాత్రమే అనుకుని దయ చూపనక్కర్లేదు. లావుగా ఉన్న పిల్లకు, నత్తి ఉన్న పిల్లాడికి, నల్లగా ఉన్న పిల్లకు, తండాల నుంచి వచ్చే పిల్లకు కూడా అడ్డుపడే చేయి కావాలి.

సబర్‌ను నేను వదులుకోమనడం లేదు. చావు వస్తుంది, జబ్బు వస్తుంది, వానలు పడవు. మనిషి చేతిలో లేని వాటి ముందు సబర్ ఇబాదత్ లాంటిది. కాని పది సెకన్లలో ఆపగలిగిన దాన్ని ఆపకుండా, పడేవాణ్ణి సబర్ చెయ్యమనడం ఇబాదత్ కాదు. అది ఎదుటివాళ్ళ సోమరితనానికి మన పిల్లలు కడుతున్న పన్ను. ఆ పన్ను మా తాతలు కట్టారు, మేము కట్టాం. మా పిల్లల చేత ఇక కట్టించం. బడి నుంచి ఏడుస్తూ వస్తే సబర్ చెయ్యమని చెప్పం. ఎవరు తిట్టారని కూడా ముందుగా అడగం. అప్పుడు నీ పక్కన ఎవరు నిలబడ్డారని అడుగుతాం. ఆ జవాబులో మీ పిల్లాడి పేరు ఉండేలా చూసుకోవడం మీ పని.